రబ్బరు బిరడా

ఢిల్లీబాబు నా భార్యకు తమ్ముడు కాకపోయి ఉంటే వాడు చేసింది ఏ పోలీసు స్టేషన్లోనో రాయించి ఉండేవాడిని. తమ్ముడైపోయాడు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. వాడు టెక్కలిలో కరెంటు కార్లు అమ్మే షోరూములో పనిచేస్తాడు. మెడలో కార్డు, ఇస్త్రీ చొక్కా, ప్రతి మాటకూ ముందు ఒక నవ్వు. నాకు కారు అమ్మింది వాడే. ఆ కారు కోసం నేను పెట్టింది వాడి అక్క తోట.

నా పేరు పోలారావు. మాది నిమ్మాడ. ఏడో తరగతిలో బడి మానేశాను. పెళ్ళయ్యాక అత్తవారి ఊరు జలంత్రకోటలోనే ఉండిపోయి పదిహేనేళ్ళు ఆటో తోలాను. అందులో చివరి ఆరేళ్ళు డయాలసిస్ వాళ్ళకే తోలాను. ఉద్దానంలో కిడ్నీలు పోయినవాళ్ళు ఎంతమందో నేను చెప్పక్కర్లేదు. దగ్గర్లో మిషను ఖాళీ దొరకని వాళ్ళం పలాస వెళ్తాం. వాళ్ళం అని ఎందుకన్నానంటే మూడేళ్ళ నుంచి నా భార్య హేమలత కూడా అందులో ఒకతె. వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు.

మిషను దిగిన మనిషిని ఆటోలో తేవడం ఎలా ఉంటుందో తోలినవాడికే తెలుసు. గతుకు పడిన ప్రతిసారీ వెనక నుంచి ఒక మూలుగు. డీజిలు వాసనకు హరిపురం దాటకముందే వాంతులు. హేమలత చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఎడమ చెయ్యి ఎవరికీ తగలకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. సూదులు పొడిచేది ఆ చేతికే.

కిందటి కార్తీకంలో ఢిల్లీబాబు మా ఇంటికొచ్చి ఫోన్లో కారు బొమ్మ చూపించాడు. పొగ లేదు, వాసన లేదు, కుదుపు లేదు.

"అక్కని ఇందులో కూకోబెట్టి తీసుకెల్లు బావా. నిద్దరోతాది" అన్నాడు.

"నిద్దరోడానికి పదకొండు లచ్చలేటి?" అంది హేమలత.

నేను లెక్క వేశాను. పలాసలో పొద్దున్న ఆరింటికి మొదటి షిఫ్టు, పదకొండింటికి రెండో షిఫ్టు. ఇద్దరినో ముగ్గురినో కాదు, రెండు షిఫ్టుల వాళ్ళనీ నేనే తిప్పితే కారు తన ఖర్చు తానే తెచ్చుకుంటుంది. వాళ్ళను దింపడం, వీళ్ళను తేవడం, మళ్ళీ వెళ్ళడం, అన్నీ కలిపి ఆరుసార్లు ఆ దారిలో తిరగాలి. ఊళ్ళమ్మట అందరినీ ఎక్కించుకుంటూ వెళ్తే ఒక్కోసారికి నలభై ఐదు కిలోమీటర్లు. మొత్తం రెండు వందల డెబ్బై. కారు ఒకసారి నిండితే కాగితం మీద మూడు వందల పైన. రోడ్డు మీద నూట తొంభై.

"మిగతాది ఎలగరా?" అని అడిగాను.

ఢిల్లీబాబు షోరూములో కారు ముందు మూత తెరిచి చూపించాడు. ఇంటి ప్లగ్గు నుంచి నెమ్మదిగా కరెంటు ఎక్కించుకునే చోటు ఒకటి ఉంది. దాని కింద ఇంకో చోటుంది. దానికి ఒక నల్ల రబ్బరు బిరడా బిగించి ఉంది.

"ఇది ఫాస్ట్ చార్జింగుకి బావా. సోటు ఒగ్గేసినారు, సూడు. కంపినీ ఫీచర్ ఒదిలితే ఇక్కడ పెట్టడమే. మూడు నెల్లు. కాశీబుగ్గ కాడ బంకులో నలబై నిమిషాలు పెట్టుకున్నావంటే ఇంకో నూరు కిలోమీటర్లు ఎల్లిపోవచ్చు."

"తప్పకుండా పెడతారా?"

"పెట్టకపోతే బిరడా ఎందుకెడతారు బావా?"

నాకూ అదే అనిపించింది. ఖాళీ చోటుకు ఎవరైనా బిరడా ఎందుకు పెడతారు.

ఆటో అమ్మేశాను. చీటీ పాడాను. మిగిలిన ఆరు లక్షలకు హేమలత తోట తాకట్టు పెట్టాం. అది ఆవిడకు పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద రాసిచ్చిన జీడితోట. తిత్లీ తుఫానులో పాత చెట్లన్నీ పడిపోతే, ఆ మరుసటేడు తన చేత్తో గోతులు తీసి మళ్ళీ నాటింది. అప్పటికింకా ఒళ్ళు బాగానే ఉండేది. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే ఒకాయన డబ్బిచ్చాడు. నెలకు పాతికవేలు కట్టాలి. వరుసగా మూడు నెలలు తప్పితే తోట ఆయన పేర మారిపోతుంది. రాసుకున్నది అంతే. రెండో షిఫ్టు నడిస్తే పాతికవేలు పెద్ద మాట కాదు.

కారు ఎప్పుడు తెచ్చుకోవాలన్నది మిగిలింది. కార్తీకం దాటిన వారానికి శుక్రమూఢం. మూఢం వస్తే దాదాపు మూడు నెలలు మంచి పని ఏదీ మొదలుపెట్టం. కొత్త బండి ఇంటికి తేవడం అసలే లేదు. ఢిల్లీబాబు రోజూ ఫోను. "మూఢం వచ్చేత్తంది బావా, ఈ వారంలో తీసీసుకో" అని. నాకు తొందర వాడి కంటే ఎక్కువ. మూఢానికి రెండు రోజుల ముందు పసుపు రాసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తెచ్చేసుకున్నాం.

హేమలత మొదటి రోజు నిజంగానే నిద్రపోయింది. బారువ జంక్షన్ దాటిన దగ్గర్నుంచి కాశీబుగ్గ వరకు. ఆ ఒక్క సంగతీ ఢిల్లీబాబు నిజమే చెప్పాడు.

హేమలతది మొదటి షిఫ్టు. రెండో షిఫ్టుకు ముందుగా కుదిరింది ఇద్దరు. బారువలో పడవ మీద వేటకు వెళ్ళి ముసలైపోయిన గున్నయ్య మావ, జీడిపిక్కలు కొట్టి వేళ్ళు నల్లబడిన బొడ్డమ్మ. ఇంటి దగ్గర మధ్యలో దొరికిన గంటల్లో ప్లగ్గు పెట్టుకుంటూ నడిపాను. మా ఊరి కరెంటుకు గంటకు పదిహేను కిలోమీటర్లు ఎక్కుతుంది, అది కూడా కరెంటు ఉంటే. మొదటి రెండు వారాలు చావుతప్పి గట్టెక్కాం. ఏసీ వేయకుండా, అద్దాలు దించి, ఎదుటి లారీ వెనకే నలభై మీద పోనిచ్చి.

డిసెంబరులో ఒక శుక్రవారం ఊళ్ళో పొద్దంతా కరెంటు లేదు. సాయంత్రం నాలుగింటికి గున్నయ్య మావనూ బొడ్డమ్మనూ ఎక్కించుకుని పలాస నుంచి బయలుదేరితే, హరిపురం దగ్గర కారు ఒక పక్కకు జరిగి ఆగిపోయింది. శబ్దం లేని బండి కాబట్టి ఆగిన సంగతి కూడా వెనక వాళ్ళకు తెలియలేదు.

"ఏటి పోలీ, ఒంటేలుకా?" అన్నాడు గున్నయ్య మావ.

"చార్జింగు అయిపోనాది మావా."

"పడవైతే తెడ్డైనా ఉంటాది. దీనికి ఏటుంది?"

బొడ్డమ్మ నవ్వింది. తర్వాత నవ్వలేదు. టీకొట్టు వాడిని బతిమాలి వాళ్ళ ఫ్రిజ్జు ప్లగ్గు పీకించి రెండు గంటలు పెట్టాను. ఆ రెండు గంటలూ బొడ్డమ్మ కొట్టు బల్ల మీద పడుకుంది. చేతి కట్టులోంచి చిన్నగా రక్తం ఊరింది. గున్నయ్య మావ తువ్వాలు తీసి దాని మీద అదిమిపట్టి కూర్చున్నాడు. ఎవరూ నన్ను ఒక్క మాటా అనలేదు. అదే నేను మరిచిపోలేకుండా ఉన్నాను.

మర్నాడు నేనే చెప్పాను. "ఫాస్ట్ చార్జింగ్ పెట్టిందాకా మీరు ఆటోలో ఎల్లండి మావా. పెట్టగానే నానే వత్తాను. ఇంకో నెలే."

"నీ సీటు నీకే ఉంచుతాములే" అన్నాడు గున్నయ్య మావ.

డిసెంబరు, జనవరి పాతికవేలు చేతిలో ఉన్నది ఊడ్చి కట్టాను.

జనవరి ఆఖర్లో కంపెనీవాళ్ళు ఫీచర్ వదిలారు. ఫోన్లో చూసి ఇంటి గుమ్మంలోంచే కేకేశాను. హేమలత లేచి వచ్చింది. ఫాస్ట్ చార్జింగ్, అన్ని బళ్ళకూ. ధర కూడా పెంచలేదు. నేను ఢిల్లీబాబుకు ఫోను చేస్తే తీయలేదు. సాయంత్రం చేస్తే తీయలేదు. మర్నాడు హేమలత ఫోన్లోంచి చేస్తే తీశాడు.

"డిసెంబరు తరవాత తయారైన బల్లకంట బావా" అన్నాడు. "మనది ముందరిది."

"మనది రెండు నెల్లదిరా."

"తెలుసు బావా. పైకి రాసినాను. సూద్దాం."

ఆ షోరూము కార్లు కొన్నవాళ్ళు ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. దాన్ని మొదలుపెట్టింది టెక్కలి కాలేజీలో పాఠాలు చెప్పే మణికంఠ గారు. ఆయన కారు కూడా మా బాపతే. గ్రూపులో రోజూ గోల. కొత్త బండి సీటులోంచి చల్లగాలి వస్తుందట, మాకు లేదు. కొత్త బండి పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందట, మాది మూగది. కొత్త బండి అద్దాలు వాటంతటవే ముడుచుకుంటాయట. నేను ఒకసారి గొంతు రికార్డు చేసి పెట్టాను. నాకు పలకక్కర్లేదు సార్, నాకు ఆ చిల్లు కావాలి అని. దానికి పదిమంది బొటనవేలు బొమ్మలు పెట్టారు.

ఫిబ్రవరి మొదటి ఆదివారం అందరం షోరూముకు వెళ్ళాం. విశాఖ నుంచి మేనేజరు వచ్చాడు. కుర్చీలు వేసి కూల్‌డ్రింకులు ఇచ్చారు. పాత బళ్ళవాళ్ళు పదకొండు మందిమి. మణికంఠ గారు మాస్టారు కదా, అందరి కాగితాలూ తీసుకుని తేదీలు చదివారు. చదువుతూ చదువుతూ ఆగిపోయారు.

"ఇదేంటయ్యా. పదకొండు బళ్ళూ నాలుగు రోజుల్లోనే ఇచ్చారు. మనందరం ఎందుకు తీసుకున్నాం అప్పుడే?"

"మూఢం వత్తందని" అన్నాడు సోంపేట నుంచి వచ్చిన ఎరువుల కొట్టాయన.

"మీకెవరు చెప్పారు?"

"ఢిల్లీబాబు గారు ఫోన్ సేసినారు."

నాకూ వాడే, నాకూ వాడే అని చుట్టూ లేచింది. పదకొండు మందిమీ మూఢానికి భయపడ్డవాళ్ళమే. కొత్తది దిగేలోపు గోడౌన్లో పాతవి ఖాళీ చేయాలి. మూఢం వస్తే ఇక్కడెవడూ కొనడు. మా పంచాంగం మా కంటే వాళ్ళకే బాగా తెలుసు. ఢిల్లీబాబు గాజు తలుపు పక్కన నిలబడి కూల్‌డ్రింకు సీసాల మూతలు తీస్తున్నాడు. తల ఎత్తలేదు.

మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు. "మేం మిమ్మల్ని తొందరపెట్టలేదు సార్. డెలివరీ డేటు మీరే అడిగారు. ఫారంలో రాసి సంతకం పెట్టారు." నిజమే. అందరం పెట్టాం. ముహూర్తం గంట కూడా రాశాం.

ఆఖరికి పాత బళ్ళకు సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇస్తామన్నాడు. అక్కడికక్కడే ఎక్కించారు. తెర రంగు మారింది. మణికంఠ గారి కారు ఆయన్ను తెలుగులో పలకరించింది. ఆయన మొహం వెలిగిపోయింది. అద్దాలు ముడుచుకున్నవాడు మళ్ళీ తెరిచాడు, మళ్ళీ ముడిచాడు. కాసేపటికి కుర్చీల్లో నేనొక్కడినే ఉన్నాను.

"నా చిల్లు సంగతేటి సార్?" అన్నాను.

"అది హార్డ్‌వేర్ అండి" అన్నాడు మేనేజరు. "తర్వాత పెట్టడానికి అవదు."

ఆ రాత్రి నుంచి గ్రూపులో గోల తగ్గిపోయింది. పొద్దున్నే పువ్వుల బొమ్మలు, గుడ్‌మార్నింగులు.

నాకు మాత్రం బిరడా మీదే మనసు. అవదంటాడు, మరి చోటెందుకు ఉంది? పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీల మోటార్లు బాగుచేసే కొండబాబు అని ఒకడున్నాడు. కాలిపోయిన మోటారుకు తీగ చుట్టి బతికించగలడు. హేమలత మిషను మీద ఉన్న నాలుగు గంటల్లో కారు వాడి దగ్గరకు తీసుకెళ్ళాను.

బిరడా వెనక ఒక ప్లాస్టిక్ పలక. దాని అంచున పసుపుపచ్చ స్టిక్కరు, ఇంగ్లీషులో రెండు వరసలు.

"ఇదేటి మావా?" అన్నాడు కొండబాబు.

"ఏదో కంపినీ పేరయ్యుంటాది. తియ్యి."

వాడు చించాడు. పలక ఊడదీసి, టార్చి వేసి, వేలు పెట్టి తడిమాడు. చాలాసేపు తడిమాడు. తర్వాత టార్చి నాకిచ్చాడు.

"నువ్వే సూడు మావా. తీగ నేదు. ఏటీ నేదు. రేకే ఉంది."

చూశాను. లోపల రంగు వేసిన రేకు, కొంచెం దుమ్ము. ఇంకేమీ లేదు. కొండబాబు పలక మళ్ళీ బిగించి, బిరడా తుడిచి పెట్టాడు. డబ్బులు ఇవ్వబోతే వద్దన్నాడు. "నానేటి సేసినాను గనక" అన్నాడు.

ఆ వారంలోనే గున్నయ్య మావ ఫోను చేశాడు. రెండో షిఫ్టువాళ్ళకు మందసలో ఎవరిదో వ్యాను కుదిరిందని. "ఏటనుకోకు అల్లుడా. బొడ్డమ్మకి ఆటోలో ఓపిక నేకపోతంది. ఎన్నాల్లని సూత్తాము" అన్నాడు. నేను మంచిదే మావా అన్నాను. ఫిబ్రవరి పాతికవేలు తప్పాయి. మార్చివీ తప్పాయి.

మార్చిలో తోట పూత నిలబడింది. ఏడేళ్ళ చెట్లు, మొదటి మంచి కాపు. హేమలత మిషను లేని రోజుల్లో వెళ్ళి చెట్ల కింద కూర్చునేది. ఎన్ని పళ్ళు రాలాయో చెప్పేది. వ్యాపారి గుమాస్తా కూడా వచ్చి చెట్లు చూసుకుని వెళ్ళాడు.

ఏప్రిల్ రెండో వారం ఢిల్లీబాబు వచ్చాడు. మెడలో కార్డు లేదు. గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి రమ్మని నేను అనలేదు. హేమలత అంది.

"బావా, మణికంఠ సారు వినియోగదారుల కోర్టుకి కాయితం ఎట్టినారంట. కంపినీ దిగొచ్చింది. మన పదకొండు బల్లూ ఎనక్కి తీసుకుని కొత్తయి ఇత్తారు. తేడా నలబై వేలు."

"నా కాడ నలబై రూపాయల్లేవు."

"నాను కడతాను" అన్నాడు. "కట్టీసినాను. రసీదు ఇదిగో."

హేమలత రసీదు తీసుకుని రెండువైపులా చూసింది. నేను వాడి మొహం చూడలేదు గానీ, నా లోపల ఏదో సడలింది. కొత్త బండి వారంలో వస్తే, గున్నయ్య మావను అడిగితే, నెలాఖరులోపు ఒక్క పాతికవేలు ఎలాగో సర్దితే మూడో నెల తప్పదు. తోట నిలబడుతుంది. ఆ పూట ముగ్గురం కలిసి అన్నం తిన్నాం. ఢిల్లీబాబు వాళ్ళక్క చప్పిడి కూర కూడా అడిగి వేయించుకున్నాడు.

రెండు రోజుల తర్వాత బండి షోరూములో ఇచ్చాను. తనిఖీ చేసే మనిషి చుట్టూ తిరిగి, టైర్లు చూసి, ముందు మూత తెరిచాడు. బిరడా తీశాడు. పలక అంచు మీద వేలు రాశాడు.

"ఇక్కడ సీల్ ఏమైంది?"

నేను బిరడా తీసుకుని చేతిలో పట్టుకున్నాను.

"బయట విప్పించారా? విప్పిన బండి ఎక్స్చేంజికి రాదండి. వారంటీ కూడా పోతుంది. స్టిక్కర్ మీద రాసే ఉంటుంది కదా."

రాసే ఉండి ఉంటుంది. ఢిల్లీబాబు ఆ మనిషి కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. లోపలికెళ్ళి మేనేజరుతో ఫోన్లో మాట్లాడాడు, బయటికొచ్చాడు, మళ్ళీ లోపలికెళ్ళాడు. మిగతా పదిమందికీ కొత్త బళ్ళు వచ్చాయి. వాడి నలభై వేలు మాత్రం రెండు వారాలకు పైగా తిప్పించి వాడికి తిరిగి ఇచ్చారు. ఆ డబ్బు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఒక నెల కట్టీయమని. తీసుకుని పలాస వెళ్ళాను. అప్పటికి ఏప్రిల్ దాటి రెండు రోజులైంది. గుమాస్తా డబ్బు ముట్టుకోలేదు. రాసుకున్నది చూపించాడు.

మే నెలలో సోంపేట రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళాం. కారులోనే వెళ్ళాం. ఇంకేముంది వెళ్ళడానికి. ఢిల్లీబాబు సాక్షి సంతకానికి వచ్చాడు. హేమలత ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కుడిచేత్తో ఒక్కో అక్షరమూ రాసింది. కాగితాలు లోపలికెళ్ళాక బయట చెట్టు నీడన ముగ్గురం నిలబడితే, నేను ఉండలేక అన్నాను.

"మీ తమ్ముడి మూఢం తినీసింది నీ తోటని."

"ఆగమన్నాడు గదా" అంది హేమలత.

"ఎవుడు?"

"వీడే. బండి తెచ్చిన రోజు. నువ్వు కొబ్బరికాయ కొడతన్నావు. పక్కకొచ్చి, బావా, మూఢం దాటాక తీసుకుంటే మంచిదేమో, అన్నాడు. నాను ఇన్నాను. నువ్వూ ఇన్నావు. మూఢం దాటిందాకా ఆగితే ఆటోలో తిరిగి మీ అక్క బతికుంటాదేట్రా, అన్నావు."

ఢిల్లీబాబు రోడ్డు వైపు చూస్తున్నాడు.

అన్నాడు. నేను విన్నాను. అక్క బండి ఒక్కదాని దగ్గరే అబద్ధానికి వాడి నోరు ఆడలేదు కాబోలు. కానీ అంత మెల్లగా చెబితే అది చెప్పినట్టా? ఉద్యోగం పోకుండా, మాట కూడా పోకుండా, ఎవరికీ వినపడకుండా చెప్పాడు. వినపడేటట్టు చెప్పి ఉంటే నేను ఆగేవాడినా అంటే, ఆ సంగతి నాకు తెలియదు. తెలియదు కాబట్టే వాడిని క్షమించలేకపోతున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు హేమలత తోట దగ్గర ఆపమనలేదు. నిద్రపోయింది. కారుకు కుదుపు లేదు.

జలంత్రకోట పొలిమేరలో ఎనభై మూడు సెంట్లు. నలభై ఏడు జీడిచెట్లు, కాపుతో సహా.